‘సాల్ట్’ అని ఊరుకున్నాను

2003. హిందూపురంలో దిగుమతి, ఎగుమతి కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా ఉన్నాను. చిలమత్తూరు పక్కన గొర్రెతోళ్లకు ఉప్పు పట్టించే షెడ్డు ఒకటి మాకు పని ఇచ్చే పార్టీ. తోళ్లు కొనే విదేశీయులు తమ ఉప్పే వాడాలని ఇరవై బస్తాలు పంపారు. అది డీనేచర్డ్ సాల్ట్, అంటే మందు కలిపి తినడానికి పనికిరాకుండా చేసిన ఉప్పు.

కస్టమ్స్ పట్టికలో తినే ఉప్పుకూ దీనికీ హెడింగ్ ఒకటే, 2501. నంబరు ఒకటే కదా అని బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే సరుకు వివరం చెప్పే పత్రంలో, ‘సాల్ట్’ అని రాసి ఊరుకున్నాను. షెడ్డుకు పోయే చలానాలోనూ అదే రాశాను. బస్తాల మీదేమో ఆ దేశపు భాష.

సరుకు దిగిన మర్నాడు పొద్దున్నే షెడ్డు మేస్త్రీ ఫోన్ చేశాడు.

“అన్నా, ఒక బస్తా చినిగిండాది. దించిన ఆడోళ్లు కొంగుల్లో ఇంతింత కట్టుకోని పోయినారు. ఉప్పే గదా అని నేనూ ఏమనలే.”

“నోట్లో పెట్టుకోవద్దని పోయి చెప్పు!” అని అరిచి స్కూటర్ తీశాను. ఈపాటికి ఎన్ని ఇళ్లలో పొయ్యి రాజుకుందో అన్న ఆలోచనతోనే దారంతా పోయాను.

నలుగురు ఆడవాళ్లు. ముగ్గురి ఇళ్లలో ఉప్పు ఇంకా ముట్టలేదు. నాలుగో ఆమె గంగమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

“మా నాయన తిన్యాడు సారూ. సంగట్లోకి ఆ ఉప్పేసి ఊరిబిండి నూరినా. కడుపులో మంటంటాండాడు.”

లోపల ముసలాయన గోనెపట్టా మీద ముడుచుకుని వాంతి చేసుకుంటున్నాడు. షెడ్డు జీపులో హిందూపురం ఆస్పత్రికి తెచ్చాము.

“దీంట్లో ఏం మందు కలిపినారప్పా?” అన్నాడు డాక్టర్.

చలానా చేతికిచ్చాను. అందులో ‘సాల్ట్’ అని తప్ప ఏమీ లేదు. ఏం కలిపారో రాసిన కాగితం నా బీరువాలోనే ఉంది. ఆఫీసుకు పరుగెత్తాను. బీరువా తీసి కాగితం పట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి మనిషి ఉంటాడో లేడో తెలియదు.

ఉన్నాడు. కాగితం చూసి డాక్టర్ వైద్యం మార్చాడు. మూడో రోజుకు ముసలాయన లేచి కూర్చున్నాడు.

జరిగింది జరిగినట్టు కస్టమ్స్‌కు రాసిచ్చి పత్రం సవరించుకున్నాము. గంగమ్మతో, “పూర్తి పేరు రాయకపోవడం నా తప్పమ్మా” అన్నాను.

“రాసింటే మాత్రం మాకు యాడ సదువొస్తాది సారూ? దించేటప్పుడు ఒక్క మాట చెప్పింటే సాలు.”

అప్పటినుంచి పత్రంలో పూర్తి పేరు రాస్తాను. అంతటితో ఆగను. అలాంటి సరుకు దిగేచోటికి నేనే వెళ్లి, మోసేవాళ్లందరినీ నిలబెట్టి చెబుతాను. వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకున్నాకే మొదటి బస్తా దించనిస్తాను.