రెండు చుక్కల సందు

మెరియల్ ప్రాసర్ ఉద్యోగం మానేసి ఏడేళ్లయింది. ఇప్పటికీ వాన పడే శుక్రవారాల్లో లండన్‌లోని ఆ పాత ల్యాబ్ గుర్తొచ్చి మనసు అక్కడికే లాగుతుంది. స్కానర్ తీసిన మెదడు బొమ్మలను సరిచేసే పని ఆమెది. లోపల పడుకున్నవాళ్లు తల కదిపితే బొమ్మలు ఒకదానిమీద ఒకటి కుదరవు. వాటిని వెనక్కి జరిపినప్పుడు బొమ్మలోని చుక్కల మధ్య ఖాళీల్లో ఏముండాలో చుట్టుపక్కల చుక్కలను బట్టి లెక్కకట్టాలి. దగ్గరున్న ఎనిమిదింటినే అడిగితే గంటలో అయిపోతుంది గానీ బొమ్మ అలుక్కుపోతుంది. దూరపువాటినీ అడిగితే బొమ్మ తేటగా వస్తుంది గానీ కంప్యూటర్ రెండు రోజులు మూలుగుతుంది.

తొంభై ఆరులో డెస్మండ్ పైక్ వచ్చాడు. బస్సు కండక్టరు. నోరు ఊరుకోదు, తల అంతకన్నా ఊరుకోదు. మెదడులో గడ్డ. మాటలు పుట్టే చోటికి అది అంటుకుని ఉంటే కత్తి పెట్టనని సర్జన్ తేల్చేశాడు. సోమవారానికి బొమ్మ కావాలన్నాడు.

గంటలో అయ్యే పద్ధతిలో గడ్డా, మాటల చోటూ కలిసిపోయి కనిపించాయి.

"అంటుకుందనే రాసెయ్ తల్లీ," అన్నాడు ల్యాబ్ పెద్ద అలిస్టర్, బిస్కెట్ టీలో ముంచుతూ. "నీ నిదానం పద్ధతికి కంప్యూటరంతా అప్పజెప్తే మిగతావాళ్లు నన్ను నమిలేస్తారు."

"నమలనివ్వండి. బొమ్మ అలికింది మనం. ఆ పాపం ఆయన నెత్తిన రుద్దడమెందుకు?"

ఎలాగో శని, ఆదివారాలకు కంప్యూటర్ దక్కించుకుంది. శనివారం పొద్దున పాత ఫైళ్లు తిరగేస్తూ నాలుక కరుచుకుంది. ఒక కదలిక సరిచేసి దాచడం, దాచినదాన్నే మళ్లీ సరిచేసి దాచడం ఆ ల్యాబ్ అలవాటు. డెస్మండ్ బొమ్మ అలా నాలుగుసార్లు అలుక్కుపోయింది. చేసింది తనే. ఈసారి కదలికలన్నీ ముందే కూడి, అసలు బొమ్మలను ఒక్కసారే జరిపింది, నిదానం పద్ధతిలో.

సోమవారం పొద్దునకు గడ్డకీ మాటల చోటికీ మధ్య రెండు చుక్కల సందు తేలింది. తన తప్పుతో సహా అంతా రాసి ఇచ్చింది. సర్జన్ ఒప్పుకున్నాడు.

ఆపరేషనయిన మూడో రోజు వార్డుకు వెళ్లి, తెర తీసే ధైర్యం లేక బయటే నిలబడిపోయింది. సందు నిజమో, తన ఆశే దాన్ని గీసిందో అని భయపడింది. లోపల కప్పు చప్పుడైంది.

"ఏమ్మా సిస్టరూ, ఇది టీయేనా, కప్పు కడిగిన నీళ్లా?"

మెరియల్ గోడకానుకుని ఏడ్చింది. ఇప్పటి మిషన్లు అదంతా రెప్పపాటులో చేసేస్తాయట. మంచిదే. కానీ ఆ గోడ దగ్గరి భయం, ఆ వెంటనే వచ్చిన సంతోషం మళ్లీ దొరకలేదని ఆమెకు ఇప్పటికీ బెంగ.