ముత్తుకృష్ణ నాయుడి వాష్‌బేసిన్

టౌన్ బస్సు ఆర్.ఎస్. పురంలో ఆగగానే ముందు తెల్లటి వాష్‌బేసిన్ ఒకటి ఎక్కింది. దాని వెనక ముత్తుకృష్ణ నాయుడు ఎక్కాడు. నేను జరిగి చోటిచ్చాను.

"సామీ, ఇదుక్కుం టికెట్!" అన్నాడు కండక్టర్ తంగరాజ్, దీనికీ తియ్యాలని బేసిన్ చూపిస్తూ.

"ఒళ్ళో బిడ్డకి టికెట్ ఏమిటికిరా?" అని నాయుడు బేసిన్‌ని పొదివి పట్టుకున్నాడు.

అంగట్లోనే వాడి చూడనిదే ఆయన ఏ వస్తువూ కొనడు. సింగానల్లూరు మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఆయన పని నూలు లాగి ఎక్కడ తెగుతుందో చూడడం. ఉద్యోగం పోయినా ఆ గుణం పోలేదు. మంచం కొనబోయి అంగట్లోనే మధ్యాహ్నం కునుకు తీశాడు. గొడుగు కొనబోయి, అంగడివాణ్ణి కూచోబెట్టుకుని రెండు రోజులు వాన కోసం కాచుకున్నాడు.

"దొరికెనా అన్నా?"

"దొరికె. పదిహేడో అంగట్లో."

అంతకుముందు పదహారింటిలో కొన్నిటికి, పాత స్నేహితుణ్ణి గనక, నేనూ వెంట పోయాను. కాశీ నుంచి కన్యాకుమారి దాకా ఎన్నో రేవుల్లో స్నానం చేశాను, చక్రవర్తుల స్నానశాలల గురించి లావుపాటి పుస్తకాలు చదివాను. నీళ్ళు లేకుండా ముఖం కడిగే మనిషిని మాత్రం ఈ కోయంబత్తూరులోనే చూశాను. ఎడమ చెయ్యి నడుం మీద, ఒక భుజం పైకి, తల మోకాళ్ళ వైపు. అంగట్లో బేసిన్ ముందు అలా సగానికి వంగి నాయుడు ఉత్త చేత్తో ముఖం తోమేవాడు. తర్వాత సంచిలోంచి చెంబు తీసి నిజంగానే నీళ్ళు పోసేవాడు.

"నాయుడుగారూ, కింద గొట్టం లేదు!" అని అంగడి రాధాకృష్ణన్ మొత్తుకున్నాడొకసారి.

"గొట్టం సంగతి నేనడగలే. నీళ్ళు ఎదమీద చిందెనా లేదా?"

"ఎదమీద చిందలే. నా కాళ్ళమీద పడె!"

ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. కొత్త స్నానాలగది కోసం పెరట్లో ముఖం కడిగే రాతితొట్టి పగలగొట్టి నాలుగు నెలలైంది. నాయుడి అక్క ధనమ్మాళ్ పక్కింటి కుళాయికి పోయి వస్తోంది. చివరికి మూట కట్టింది.

"బేస్తవారం తిరుమంగళం పోతా. చిన్నాయన కొడుకింట్లో ఉంటా. ఈ వయసులో పక్కింటోళ్ళ వాకిట్లో నిలబడలేను" అంది.

"మీ పరీక్షలు మండ! వదినె పోతే ఇల్లు ఇల్లుగా ఉండునా?" అని నాయుడి పెండ్లాం ఇందిర ఆయన మీద విరుచుకుపడింది. అందుకే నేను వాళ్ళింట్లోనే దిగబడ్డాను, ధనమ్మాళ్‌ని ఆపగలనేమోనని.

బేసిన్ వచ్చిన రోజే మేస్త్రీ యేసుదాస్ వచ్చాడు. నాయుడు గోడ మీద సుద్దతో గీత గీశాడు, తొడ ఎత్తున.

"ఏమి నాయుడుగారూ, ఇది బిడ్డల బడికా?"

"చుట్టాలు నవ్వుతారు! ఇంత కిందికా?" అంది ఇందిర.

"నవ్వనీ. వంగి నవ్వమను."

సిమెంటు ఆరేసరికి బేస్తవారం వచ్చింది. ధనమ్మాళ్ మూట వాకిట్లో పెట్టి, పోయే ముందు ముఖం కడుక్కుందామని కొత్త గదిలోకి వచ్చింది. మిల్లులో పాతికేళ్ళు నూలు కండెల మిషను ముందు వంగి, మళ్ళీ నిటారు కాని మనిషి. ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుంది, ఒక భుజం పైకి లేచింది, తల మోకాళ్ళ వైపు వాలింది.

నాకు ఒక్కసారి అన్ని అంగళ్ళూ కళ్ళముందు తిరిగాయి. నాయుడు అన్నాళ్ళూ ముఖం కడిగింది తనలా కాదు, అక్కలా!

కుళాయి తిప్పింది. కడుక్కుంది. ఎదమీద చుక్క పడలేదు. ఇందిరా నేనూ ఊపిరి బిగబట్టాం.

"సరిగా అందుతా ఉండాదే" అంది ధనమ్మాళ్ తనలో తాను. తర్వాత గట్టిగా, "ఇందిరా, మూటలో నా సబ్బుపెట్టె ఉండాది. తీసి ఈడ పెట్టు."

ఇందిర మూట విప్పిన వేగానికి చీరలన్నీ వాకిట్లో పరుచుకున్నాయి. కూలి కోసం వచ్చిన యేసుదాస్ కూడా నవ్వాడు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో అందరం ఒకేసారి గాలి పీల్చుకున్నాం.

"అద్దం లేదే తమ్ముడా?" అంది ధనమ్మాళ్ తడి ముఖంతో.

"అన్నం తిని పోండి!" అని ఇందిర అరిచేలోగానే నాయుడు చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగాడు.