బుట్టబొమ్మ లోపలి మనిషి

ఈ రోజు సౌదీలోని మా జుబైల్ ప్లాంటులో టీ టైముకి మా ఇంజనీరు జోర్డి సార్ ఫోన్‌లో వీడియో చూస్తూ తనలో తానే నవ్వుకుంటున్నారు. బార్సిలోనాలో వాళ్ల పేట పండగట. రెండు నిలువుల ఎత్తున్న రాజూ రాణీ వీధిలో మెల్లగా తిరుగుతున్నారు.

"ఇయ్యి మా బుట్టబొమ్మలే సార్! లోపలెవరు?" అన్నాను.

"రాణి లోపల ఏటా నేనే. ఈసారి మా అమ్మాయి. లోపలుంటే జనం కాళ్లు తప్ప ఇంకేమీ కనబడదు. మా రాణి ఇంత అందంగా తిరుగుతుందని ఈ రోజే చూశాను," అన్నారు.

టీ అయ్యాక ఆయన హెల్మెట్ పెట్టుకుని, ఎండలో నడుస్తూ నడుస్తూ ఆ రాణిలాగే మెల్లగా ఒక చుట్టు తిరిగారు. నిన్న వాల్వు దగ్గర మా మీద కేకలేసిన మనిషేనా!

మా ఊరి బుట్టబొమ్మ చీర రంగు నాకింకా గుర్తే. లోపలి మనిషెవరో మాత్రం తెలీదు. మీ ఊరి బొమ్మలో ఎవరుండేవారో మీకు తెలుసా?