పదకొండో మెట్టు మీద బాపు

ఈ ఆషాఢంలో, మంగళవారం, తెల్లవారుజామున ఐదు గంటల నలభై నిమిషాలకు, పంజగుట్టలో సన్నని తుంపర పడుతుండగా నాకు మెలకువ వచ్చింది. అప్పటిదాకా కలలో అమీర్‌పేట గల్లీలోని మా బాపు కుట్టుదుకాణం మెట్లు ఎక్కుతున్నాను. మగ్గం వదిలి పట్నం వచ్చి, ఎత్తైన అరుగు మీది గదిలో మిషను పెట్టుకున్న మా బాపుకు అక్షరాలు రావు గాని, టేపు మీది అంకెలు కంఠస్థం. ఆ అంకెలనే నాకు మెట్ల మీద నేర్పాడు. మెట్టుకొకటి చొప్పున గట్టిగా చెబుతూ ఎక్కాలి, తప్పితే మళ్లీ కిందికి దిగాలి. పదకొండు అనగానే గడప, గడపలో నా తల మీద ఆయన చెయ్యి. కలలోనూ ఆయనే లెక్క చెప్పించాడు.

కలలను నమ్మేవాణ్ణి కాను. ఎర్రమంజిల్‌లోని ఒక సర్కారు ఆఫీసులో ముప్పై మూడేళ్లు రోడ్ల కొలతలు పుస్తకానికి ఎక్కించినవాణ్ణి. టేపు పెట్టి చూడనిదే ఏ అంకె కిందా సంతకం చేయలేదని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను. అందుకే పదిన్నరకు, తుంపర ఆగాక, ఆ మెట్లు లెక్కపెట్టడానికి బయలుదేరాను. దుకాణం ఇప్పుడు మా తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. కోచింగు పిల్లల ప్యాంట్లు పొట్టి చేయడమే వాడికి ఎక్కువ పని.

లెక్కపెట్టాను. తొమ్మిది. దిగి మళ్లీ ఎక్కాను. తొమ్మిదే.

"ఏం పారేసుకున్నవ్ పెద్దబాపూ? ఎక్కుతున్నవ్, దిగుతున్నవ్!" అన్నాడు వాడు.

"రెండు మెట్లు రా. కలలో పదకొండున్నయి."

"నేను దుకాణంల కూసున్నప్పటి సంది తొమ్మిదే. కలల మెట్లకు సుత టేపు వెడ్తవా?"

నాకు నవ్వు రాలేదు. మెట్లు తొమ్మిదే అయితే, పదకొండు అని పలికించిన ఆ గొంతు కూడా కల అల్లుకున్నదే కావాలి. బాపు ఫొటో ఒక్కటైనా లేని నాకు మిగిలిన ఆధారం ఆ లెక్కే.

కింది మెట్టు మీద కూలబడినప్పుడు పక్కనున్న ఇనుప ఊచలు కనబడ్డాయి. మెట్టుకొక ఊచ. కాని అన్నిటికన్నా కింది రెండు ఊచల పక్కన మెట్లు లేవు. అవి తారులోంచి లేచి ఉన్నాయి. వాడి టేపు అడిగి కొలిచాను, మెట్టు ఎత్తు ఆరంగుళాలు. ఆ గల్లీకి నా ఉద్యోగకాలంలో నాలుగుసార్లు తారు పొర పడింది, ఒక్కొక్కటి మూడంగుళాల మందం. నాలుగు కొలతలూ నావే, సంతకాలూ నావే. మందం కొలిచానే గాని, అది దేన్ని కప్పుతోందో చూడలేదు.

"అరే, గా మెట్లను పాతిపెట్టింది నువ్వేనా!" అని వాడు పకపకా నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను.

వయసు కూడా ఇలాగే పొర మీద పొర వేసుకుంటూ పోతుంది కాబోలు, మనం పైపొరను చూసి ఇదే నేల అనుకుంటాం. కల మాత్రం తారు పడకముందటి పాదంతో నడుస్తుంది. నా పుస్తకం మరిచినదాన్ని అది మరవలేదు, ఎందుకంటే దానికి లెక్క నేర్పినవాడు మా బాపు. ఇప్పుడు ఆ గల్లీలో లిఫ్టులు, గల్లీ దాటితే తల మీద మెట్రో. అంకెలు చెబుతూ మెట్లెక్కేవారు లేరు.

ఇంటికి వచ్చి తేదీ వేసి రాసుకున్నాను: పైకి కనిపించే మెట్లు తొమ్మిది, తారు కింద రెండు, మొత్తం పదకొండు.