బోల్టు బాబాయ్ మూలుగ

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని పనిచోట అందరూ బోల్టు బాబాయ్ అనేవాళ్లు. అరవై దాటినా చేతి పట్టు సడలలేదు. ఎత్తయిన భవనాల్లో, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, ఇనుప తాళ్లు తడిమి చూస్తూ, కింద ఉన్నవాళ్లతో వేళాకోళాలాడేవాడు. ఎత్తంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. సూది కనబడితే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. ఎంత జ్వరమొచ్చినా మాత్రలడిగి మింగేవాడే తప్ప, ఇంజెక్షన్ గదివైపు తొంగి కూడా చూసేవాడు కాదు.

అలాంటివాడు ఒకరోజు ఆస్పత్రిలో చొక్కా చేయి మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని, చేయి చాపాడు. తమ్ముడి కోసం.

తమ్ముడు బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. ఒకనాడు పిండి బస్తా ఎత్తబోయి కూలబడ్డాడు. పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు. మందులకు రోగం అణిగింది గానీ, మళ్లీ తలెత్తకుండా ఉండాలంటే వేరొకరి ఎముక మూలుగలో పుట్టే మూలకణాలు ఎక్కించాలన్నారు. తోడబుట్టినవాళ్లవైతే సరిపోవచ్చన్నారు. బాబాయ్ కణాలు సరిపోయాయి.

మరదలు కళ్లు తుడుచుకుని, "ఇక నాకు భయం లేదు బావగారూ, మీరున్నారు," అంది.

"నా కణాలు ఎక్కితే వాడికి కూడా సూదంటే భయం పట్టుకుంటుందేమో, చూసుకో అమ్మా," అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే డాక్టరమ్మ ఆయన్ని ఒక్కడినే రమ్మంది. లోపలికి రాగానే లేచి వెళ్లి తలుపు వేసింది.

"ముందు ఒక మాట వినండి. మీకు జబ్బేమీ లేదు."

"జబ్బు లేదని చెప్పడానికి తలుపెందుకమ్మా వేయడం?" అన్నాడు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "మన రక్తమంతా మూలుగలో ఉండే మూలకణాల నుంచే పుడుతుంది. వయసులో ఉన్నప్పుడు వేల కణాలు ఆ పని తలా కాస్త పంచుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని అలిసిపోతాయి, కొన్నిటిలో చిన్న చిన్న మార్పులొస్తాయి. అలా మారినవాటిలో ఒక్కోసారి ఒకటి మిగతావాటిని తోసుకుని పెరిగిపోతుంది. ఇక రక్తంలో ఎక్కడ చూసినా దాని సంతానమే. వయసైన దాతలకు మేం ఈ పరీక్ష కూడా చేస్తాం. మీలో అలాంటి కణం ఉంది."

"అంటే క్యాన్సరేనా?"

"కాదు. పెద్దవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియదు. ఎక్కువమందికి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం ముందు ముందు రక్త క్యాన్సర్‌గా మారుతుంది. గుండెకు కూడా కాస్త ముప్పు."

"నేను ఏ రకం?"

"అది చెప్పగలిగితే ఇప్పుడే చెప్పేదాన్ని," అందామె. "దాన్ని ఏరి పక్కన పెట్టలేం. మీ కణాలు ఇస్తే అదీ మీ తమ్ముడి ఒంట్లోకి వెళ్తుంది. మీలో వచ్చిన మార్పు చూశాక మీ దగ్గర తీసుకోకూడదనుకున్నాం. మీరు కుదరరని వాళ్లకు మేం చెబుతాం. ఎందుకన్నది చెప్పడం మీ ఇష్టం."

ఆయన ఎవరికీ చెప్పలేదు. నోటితో అంటే అది నిజమైపోతుందేమోనని భయం. మర్నాడు మామూలుగానే పనికి వెళ్లాడు. లిఫ్టు పెట్టె మీదికెక్కి, తాడు మీద చెయ్యి వేశాడో లేదో ఒళ్లంతా చల్లబడింది. కింద లోతుకు కాదు. తన ఎముకల్లో ఎవడో చొరబడి, కాపురం పెట్టి, పిల్లల్ని కంటూ ఒక్కో గదీ ఆక్రమించుకుంటున్నట్టనిపించింది. అరిచినా వినడు, తాళం మార్చినా పోడు. పక్కనున్న ఇనుప దూలాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇక వదలడం చేతకాలేదు.

"బాబాయ్, కళ్లు తిరిగాయా?" అంటూ తోటి మెకానిక్ పైకొచ్చి, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, నడుం పట్టుకుని దింపాడు.

ఇంట్లో అద్దం ముందు నిలబడి చిగుళ్లలో రక్తం కారుతోందేమో చూసుకునేవాడు. మోకాలి మీద నల్లగా కమిలితే, ఎక్కడ తగిలిందో గుర్తొచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. భార్య రెండుమూడుసార్లు అడిగింది. నీరసమంటూ మాట దాటేశాడు.

ఈలోగా ఆస్పత్రివాళ్లు మరదలికి కబురు చెప్పారు. అన్నగారు కుదరరట, వేరే దాతను చూడాలట. ఆమెకు తోచింది ఒక్కటే. ఆస్పత్రి వరండాలో ఆయన ఎదురైనప్పుడు కోపం కూడా లేకుండా అడిగింది. "సూదికి భయపడ్డారా బావగారూ?"

ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. ఆమె పళ్ల సంచి భుజాన సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భార్య స్టవ్వు ఆపేసి ఎదురుగా కూర్చుంది. "మీ మరదలు ఫోన్ చేసింది. మీరు వెనక్కి తగ్గారంటోంది. సూదికి భయపడతారు గానీ తమ్ముణ్ని వదిలేసే మనిషి కాదు మీరు. ఏం జరిగిందో చెప్పండి."

అప్పుడు చెప్పాడు. ఆమె దగ్గరికి జరిగి ఆయన చేయి పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉందండీ. అయినా మీ తమ్ముడు మిమ్మల్ని తప్పుగా అనుకుంటూ ఆ మంచం మీద పడి ఉండకూడదు," అంది.

మర్నాడు తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. మరదలు కిటికీ దగ్గర నిలబడి వింది. తమ్ముడి తల మీద వెంట్రుక లేదు, మొహం పాలిపోయి ఉంది. అంతా విని, పొడిబారిన పెదాలు తడుపుకున్నాడు.

"నాకు ఎవరో ఒకరు దొరుకుతార్లే. నీ సంగతేంటి అన్నయ్యా?"

బాబాయ్ అక్కడే, అందరి ముందూ, భోరుమన్నాడు. మరదలు వచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది. "అంత మాట ఎలా అనగలిగానో," అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

తమ్ముడి కూతురు బస్సు కండక్టరు. ఆమె కణాలు సగమే సరిపోయాయి గానీ, సగమైనా చాలు, వయసు చిన్నది, ఆమెవే తీసుకుంటామన్నారు డాక్టర్లు. కణాలు తీసే రోజున బాబాయ్ ఆమె పక్కన కుర్చీ వేసుకుని, గోడ మీద గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"పెదనాన్నా, సూది నాకు. మొహం పాలిపోయింది మాత్రం మీకు," అందా పిల్ల.

తమ్ముడు అంత తేలిగ్గా గట్టెక్కలేదు. జ్వరాలొచ్చాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, నోరు పుళ్లుపడి మంచినీళ్లు కూడా దిగలేదు. ఒక దశలో మనిషి దక్కడనుకున్నారు. అయినా దక్కాడు. ఇప్పుడు మళ్లీ బేకరీకి వెళ్తున్నాడు, బస్తాలు మాత్రం ఎత్తడం లేదు.

బాబాయ్ సిగరెట్లు మానేశాడు. డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా రక్తపరీక్షకు వెళ్తాడు. వెళ్లేముందు వారం పాటు తిండి సహించదు. తోడుగా తమ్ముడు వస్తాడు. కిందటిసారి ఆమె పరీక్ష చూసి, "కొంచెం పెరిగింది. ఇంకా కంగారుపడేంత కాదు," అంది.

బయటికొచ్చి ఇద్దరూ బస్టాపులో కూర్చున్నారు. తమ్ముడు ఏమన్నారని అడిగాడు, ఈయన చెప్పాడు. వాళ్లెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.