నీళ్ళలో ముంచి చూస్తేగానీ

సైకిల్ షాపు పెద్దాయన నీళ్ళలో ముంచి చూస్తేగానీ దేన్నీ నమ్మేవాడు కాదు. పంక్చరైన ట్యూబుని తొట్టిలో ముంచడం, బుడగ ఎక్కణ్ణుంచి వస్తుందో చూసి అతుకు వెయ్యడం, ఈ పనిలోనే ఆయన తల నెరిసింది. ఆ అలవాటు షాపులో ఆగక ఇంట్లోకీ వచ్చేసింది. కొత్త ఫ్లాస్కు కొంటే బకెట్లో ముంచేవాడు. అల్లుడు తన గడియారం వాటర్‌ప్రూఫ్ అన్న పాపానికి అది కూడా తొట్టిలో మునిగింది. మళ్ళీ నడిస్తే ఒట్టు. అంతకుముందు కూతురు ఆ కుర్రాణ్ణి ఇంటికి తెచ్చి "ఎలా ఉన్నాడు నాన్నా?" అని అడిగినప్పుడు, "ముంచి చూడ్డానికి లేదే!" అని నిజంగానే దిగులుపడ్డాడట.

కూతురి దిగులు మాత్రం ఆయన సిగరెట్ల గురించే. మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయి, ఆయాసం దాచుకోవడానికి గోడ పరిశీలించేవాడు.

"గోడ పగిలిందే అమ్మా!"

"గోడకేం కాలేదు నాన్నా. నువ్వా సిగరెట్లు మానెయ్."

"నా ఊపిరితిత్తులు గట్టివి. ఏదీ, బుడగలు చూపించు, మానేస్తా!"

అలాంటి మనిషి ఒకరోజు తనంతట తానే, "పదమ్మా, నువ్వు చెప్తుంటావే, ఆ ఊపిరి ఊదే పరీక్షేదో చేయించుకుందాం" అనేసరికి ఆ పిల్ల జ్వరమేమోనని ఆయన నుదురు పట్టుకు చూసింది. తోడుగా పక్క షాపు టైలరు కూడా బయల్దేరాడు. పాతికేళ్ళ స్నేహం వాళ్ళది. టైలరుకీ దగ్గే, కానీ ఆసుపత్రి మందు వాసనకే చెమటలు పట్టే రకం. తలుపు బయట బెంచీ మీద బిక్కచచ్చి కూర్చున్నాడు.

లోపల టెక్నీషియనమ్మ మెషీన్‌కి అట్టగొట్టం తగిలించి ఇచ్చింది. "నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున గట్టిగా ఊదండి. ఇంక లేదనేదాకా ఆపకండి."

ఆయన ఊదలేదు. ఆ గొట్టం కొస పట్టుకెళ్ళి బల్లమీది మంచినీళ్ళ గ్లాసులో ముంచి, తొంగి చూశాడు.

"అయ్యయ్యో! ఏం చేస్తున్నారండీ?"

"లీకుందేమోనని..."

అట్టగొట్టం మెత్తబడి వేలాడింది. కూతురు తల పట్టుకుంది. టెక్నీషియనమ్మ గ్లాసు తీసుకెళ్ళి బయట పెట్టొచ్చి, కొత్త గొట్టం ఇచ్చింది. మామూలుగా ఊదించి, మందు పీల్పించి మళ్ళీ ఊదించింది. తర్వాత స్కాన్ కూడా తీశారు.

డాక్టరు ఆ గదికే వచ్చి కాగితాలు చూసి, "ఎంఫైసీమా. తొలిదశే, కంగారు లేదు" అన్నాడు. "లోపల చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి. పొగకి వాటి గోడలు కొన్ని దెబ్బతిన్నాయి, సాగే గుణం తగ్గింది. అందుకే మొదటి సెకనులో వదలాల్సినంత గాలి వదల్లేకపోయారు."

"అతుకు పడదా?"

"పడదు. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి. సిగరెట్లు మానడమే అసలు మందు. ఆయాసానికి ఇన్‌హేలర్, రోజూ నడక, టీకాలు. ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలడం సాధన చెయ్యండి."

"పరీక్షలో నొప్పుండదు అని కూడా చెప్పండి. కాస్త గట్టిగా!"

"చేయించుకున్నారుగా, మీకే తెలుసు కదండీ!"

"అయినా చెప్పండి. గట్టిగా!"

నాన్నకి చెవులు కూడా పోతున్నాయనుకుంది కూతురు. ఇంటికి రాగానే ఇన్‌హేలర్‌ని బకెట్లో పడకుండా లాక్కుంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పెద్దాయనా, టైలరూ షాపు వెనక్కి మాయమవడం మొదలుపెట్టారు. "ఇంకేముంది, సిగరెట్లే!" అనుకుంటూ ఒకరోజు ఆ పిల్ల అగ్గిమీద గుగ్గిలమై వెళ్ళింది.

ఇద్దరూ శుభ్రమైన నీళ్ళ బకెట్‌కి చెరోపక్క కూర్చుని, స్ట్రాలతో బుడగలు ఊదుతున్నారు.

"మెల్లగా ఊదరా! అంత గబగబా వస్తే లెక్కలోకి రాదు" అంటున్నాడు పెద్దాయన.

"ఏంటి నాన్నా ఇది?"

పెద్దాయన ముఖం దొంగ దొరికినట్టయింది. "డాక్టరు చెప్పిన సాధనేనమ్మా, ఊదడమంటే భయం పోవాలని వీణ్ణీ కూర్చోబెట్టా. ఆవేళ పరీక్షకి రానంటే రానన్నాడు. ఆ మెషీన్ ఉన్న ఊపిరి కాస్తా లాగేసుకుంటుందని భయం. సరే, ముందు నేను ఊదొస్తా, నువ్వు బయట కూర్చుని విను అన్నా. ఆ గొట్టాన్ని నీళ్ళలో పెట్టి చూశా కదా, మెషీన్ చుక్క నీరు కూడా లాగలేదు."

"దగ్గుతున్నది బాబాయ్ అయితే, జబ్బు నీకు బయటపడిందా?"

"మంచిదైంది. నాకేమీ లేదని వస్తే, ఆ పరీక్షని వీడు నమ్ముతాడా?"

టైలరు స్ట్రా పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు వెళ్తానమ్మా. మీ నాన్న చెయ్యి పట్టుకుంటానన్నాడు."

కోపమంతా ఎటుపోయిందో గానీ, కూతురు గొంతు మాత్రం పెంచే ఉంచింది. "మరి సిగరెట్లు?"

ఆయన షాపులోని పంక్చరు తొట్టి చూపించాడు. అందులో నిండు పెట్టె ఒకటి ఉబ్బి తేలుతోంది.

"ముంచి చూశానమ్మా. పనికిరావు."

మర్నాడు ఇద్దరు మిత్రులూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరీక్ష గది గుమ్మంలో నిలబడ్డారు. టెక్నీషియనమ్మ తలెత్తి చూసింది. వెంటనే బల్లమీది గ్లాసెత్తి, నీళ్ళన్నీ గటగటా తాగేసింది.