బాపుకు మళ్ల వచ్చిన యాది

మొన్నీ నడుమ ఒక పొద్దుగాల కోమటి చెరువు కట్ట మీద, అంతమంది ముందల నా చెంప పగిలింది. కొట్టింది మనిషి కాదు. దానికి కారణం నేను చాటుంగ విన్న ఒక్క మాట. అదేందో చెప్పేముందు నేను ఎసొంటిదాన్నో చెప్పాలె.

నా చదువు ఇంటర్ సగంలనే ఆగింది. మా బాపు సిద్దిపేటల లేడీస్ టైలర్. నేను పక్కన కూసోని హుక్సులు కుడుత, చీరలకు ఫాల్ వేస్త. చేతులు పని చేస్తుంటే తలకాయ ఖాళీనే గదా, అందుల ప్రేమ కథలు నడుస్తుంటయి. పెండ్లి జాకిట్టు కుట్టనీకి వస్తే చాలు, ఆ పెండ్లిపిల్ల ఎవలినో ఇడిచిపెట్టి ఇంకెవలినో చేసుకుంటుందని నాకు నేనే అల్లుకొని కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంట. బాపేమో సూది గుచ్చుకుందా అని అడుగుతడు.

ఈ నడుమ బాపు మారిండు. చెప్పులు తప్ప ఎరుగని మనిషి తెల్ల బూట్లు కొనుక్కున్నడు. షుగర్ వచ్చి ఏండ్లయింది, డాక్టర్లు చెప్పీ చెప్పీ అలిసిపోయిన్రు, అసొంటిది ఇప్పుడు మారు అన్నం తనంతట తనే వద్దంటుండు. పొద్దుగాల చీకటితోనే పాలకు పోతున్న అని పోయి, ఎండ ఎక్కినంక చెమటలు కారుకుంట, నవ్వుకుంట వస్తుండు. చేతుల పాల ప్యాకెట్ ఉండదు. పాలేవని అమ్మ అడిగితే గడపల్నే ఆగి, మళ్ల వెనకకు పోతుండు. అమ్మ తిట్టేది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. పాలకని పోయి పాలే మర్చిపోయిండంటే, మనసు ఇంకెక్కడ్నో ఉన్నట్టే గదా.

ఒకరోజు బాపు దుకాణం వెనుక నిలబడి, మిరుదొడ్డిల ఉండే దోస్తు మల్లేశం కాకతోని ఫోన్‌ల మాట్లాడుతుండు. నేను పరదాకు ఇవతల.

"యాది నన్ను ఇడిచిపెట్టి పోతదేమోనని మస్తు భయమైందిరా మల్లేశం. ఇప్పుడు రోజు కట్ట మీదికి పోతున్న. మెల్లమెల్లగ మళ్ల వస్తుంది. ఇంట్ల చెప్పకు, మీ వదినెకైతే అసలే చెప్పకు."

నా చేతుల హుక్కు కింద పడ్డది. మా దిక్కు యాదమ్మలను అందరం యాది అనే పిలుస్తం. ఒక్క నిమిషంల నాకు మొత్తం కథ కనవడ్డది. బాపు అప్పుడు కొత్తగ మిషన్ తొక్కుతుండు. యాది కొలతలియ్యనీకి వచ్చింది. టేపు తీసిన చేతులు వణికినయి. పెద్దమనుషులు ఒప్పుకోలే. ఇన్నేండ్లకు చెరువు గాలికి మళ్ల కలిసిన్రు. నిజం చెప్పాలంటే ముందుగాల నాకు యాది మీద జాలే కలిగింది. అమ్మ గుర్తొచ్చినంకనే కోపమొచ్చింది.

ఆ రాత్రి బియ్యం ఏరుతున్న అమ్మ పక్కన కూసోని, పెండ్లికి ముందు బాపుకు ఎవలన్న యాదమ్మ ఎరికనా అని అడిగిన. మన దిక్కు వాడకొక యాదమ్మ ఉంటది, ఎందుకే అన్నది. ఊకెనే అన్న. ఏం తెల్వకుండ రాళ్లు ఏరుకుంట కూసున్న అమ్మను చూసి, చాట గుంజుకొని నేనే ఏరిన. మా ఇల్లు నేనే నిలబెట్టాలె అనుకున్న.

తెల్లారి మొఖానికి చున్నీ చుట్టుకొని బాపు వెనుక పోయిన. కట్ట మీద బాపు వయసు పిల్లగాని లెక్క చకచక నడుస్తుండు. పోయి పోయి ఒక జాగల ఆగిండు. నేను చెత్తడబ్బ వెనుక దాక్కొని తొంగి చూసిన.

బాపు ముందల ఒకామె. ఇద్దరి నడుమ ఎర్ర రిబ్బను. ఒక కొస బాపు చేతుల, ఇంకో కొస ఆమె చేతుల. ఆమె గుంజితే బాపు ముందుకు ఊగుతుండు, బాపు గుంజితే ఆమె నవ్వుతుంది. బాపు ఆమెను చూసుకుంట మెల్లగ మెడ లోతు, చేతి పొడుగు, నడుము అని కొలతలు చెప్తుండు.

ఇగ నాతోని కాలే. ఉరికి నడుమల దూరి రిబ్బను పట్టుకున్న.

"యాదీ, మా బాపును ఇడువు. మా అమ్మ బతికే ఉంది."

ఉలిక్కిపడి బాపు తన కొస ఇడిచిపెట్టిండు. అది రిబ్బను కాదు, రబ్బరు. ఫట్టుమని వచ్చి నా చెంపకు తగిలింది.

అందాక నాకు ఆ ఇద్దరే కనవడ్డరు, అప్పుడు చూసిన. ఆమె వెనుక వరుసగ ఇంకా మస్తు మంది నిలబడ్డరు, అందరి చేతులల్ల రబ్బర్లే. ఆఖరి వరుసల నుంచి ఒక తెల్ల మీసాల తాత చెయ్యి లేపిండు.

"నేనే బిడ్డా యాదిని. యాదగిరి. నేనేం చేసిన?"

కట్ట మీద నవ్వు ఆగలే. బాపు నన్ను పక్కకు తీస్కపోయి బెంచి మీద కూసోబెట్టి, ఏ యాదే అని అడిగిండు. ఫోన్‌ల నువ్వే అన్నవు గదా, ఇడిచిపెట్టి పోతదేమోనని అన్న. బాపు వేలుతోని తన తలకాయ మీద కొట్టుకున్నడు.

"గీ యాది బిడ్డా. మతి."

అప్పుడు మొత్తం చెప్పిండు. ఈ నడుమ ఒక జాకిట్టుకు రెండు ఎడమ చేతులే కుట్టిండట. నేను చూడకముందే ఇప్పేసిండట. ఒకరోజు షటర్ తీసి, ఎందుకు తీసిండో తెల్వక అట్లనే నిలబడ్డడట. మతి పోయే టైలర్‌కు బట్ట ఎవలిస్తరు, అమ్మకు తెలిస్తే మిషన్ మీద కూసోనిస్తదా అని భయం. దవాఖానకు పోతే, షుగర్ అదుపుల లేకుంటే మతి మీద కూడ పడొచ్చని, గోలీలు బందు పెట్టకుండ రోజు నడిచి ఎక్సర్‌సైజ్ చేస్తే షుగర్‌కు, తలకాయకు రెండిటికి మంచిదని డాక్టర్ చెప్పిండట. ఆ రబ్బరు పట్టుకున్నామె దవాఖాన పంపిన ఎక్సర్‌సైజ్ మేడం. రబ్బరు గుంజుకుంట గుర్తున్నయి చెప్పమంటదట. ఒకలు ఊర్ల పేర్లు, ఒకలు చుట్టాల పేర్లు చెప్తుంటే, మా బాపు పాత గిరాకుల కొలతలు చెప్తుండు.

నాకు ఏడుపొచ్చింది. మరి యాది వస్తుందా బాపు అని అడిగిన.

"నువ్వు బడికి పోయిన మొదటిరోజు నీలం గౌను కుట్టిన. జేబుకు బట్ట సాలలే. మీ అమ్మ పాత జాకిట్టు ముక్క వేసిన. రంగు కలువలేదని బడి దాక ఏడ్చినవు" అన్నడు.

నాకే గుర్తులేదు. ఇంటికి పోయి అమ్మనడిగితే నిజమే అన్నది. ఆమెకు చెప్పక తప్పలే. బాపు భయపడ్డట్టు మిషన్ దగ్గరికి పోవద్దని ఏమనలే. రేపటి సంది ఇద్దరు పోండ్రి, ఒకలు మర్చిపోతే ఒకలు పాలు తెస్తరు అన్నది. తెల్లారి ఇద్దరం పోయినం. ఇద్దరం ఉత్త చేతులతోనే వచ్చినం. చెరువు మీద పొద్దు పొడుస్తుంటే నేను ఎక్కడ్నో ఉన్న మరి.

ఇప్పుడు నేను కట్ట ఎక్కంగనే యాదగిరి తాత దూరం నుంచే రెండు చేతులు లేపి, "మీ బాపును ఇడిచిపెట్టిన బిడ్డా, తీస్కపో" అంటడు.

బాపు ఇంకా పాలు మర్చిపోతడు, అద్దాలు మర్చిపోతడు. గానీ గిరాకి వచ్చి కూసుంటే చాలు, టేపు మెడల వేసుకొని, చెత్తడబ్బ కాడికెల్లి చెంప దాక ఒక్క ముక్క పోకుండ చెప్తడు. యాది మంచిగ వస్తుందని మేడం ఒకటే సంబురం. నేనే దేవునికి మొక్కుకుంటున్న, గీ ఒక్క ముచ్చట కాడ జర ఆగి రమ్మను అని.